గంపమ్మ పాతిన కర్రలు

అనగనగా, అడవి అయిపోయి కొండ మొదలయ్యే చోట ఒక పెద్ద గడ్డి బీడు. ఆ బీడులో మచ్చుకు ఒక్క చెట్టు కూడా లేదు. అలాంటి చోట ఎవరుంటారు అనుకుంటున్నారా? చాలామందే ఉండేవాళ్లు. వాళ్లలో గంపమ్మ అనే పందికొక్కు ఒకటి. పందికొక్కులకు రెండు పనులు బాగా వచ్చు. తినడం, దాచుకోవడం. గంపమ్మకు మూడోది కూడా వచ్చు. కనిపించిన ప్రతిదాన్నీ పట్టుకుని "ఎందుకు?" అని అడగడం.

ఆ ఏడు వేసవి చివర గాలిదుమారం వచ్చి గంపమ్మ గాదె కూలిపోయింది. రాళ్ల మీద రెల్లుతో కట్టిన గాదె అది, వాళ్ల అమ్మమ్మ నాటిది. గింజలన్నీ నేల మీద కుప్పగా పడ్డాయి. ఇంకొద్ది రోజుల్లో అసలు వానలు మొదలవుతాయి. గింజలు తడిస్తే బూజు పడతాయి. ఇక వానాకాలమంతా పిల్లలు పస్తులుండాలి.

"పిల్లలు ఎక్కువయ్యారు, పాత గాదె ఎలాగూ చాలడం లేదు. ఈసారి రెండింతల ఎత్తున కడతాను" అనుకుంది.

కానీ ఆ బీడుకు ఒక కట్టుబాటు ఉంది. కొత్తగా ఎవరూ ఏదీ కట్టకూడదు. పాతది పడిపోతే ఆ చోటనే మళ్లీ కట్టుకోవచ్చు. అదీ పెద్దలు సరే అంటేనే. అందుకని గంపమ్మ వాగు ఒడ్డున ఉండే తాబేలు తాత దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, మా గాదె పడిపోయింది. కొత్తది కట్టుకుంటాను. కాస్త ఎత్తుగా కడతాను. సరేనా?"

తాత తల బయటికి పెట్టడానికే చాలాసేపు పట్టింది. "కట్టుకుందువుగానిలే. ముందు కర్రలు పాతు" అన్నాడు.

"ఏం కర్రలు తాతా?"

"గాదె ఎంత ఎత్తు కడతావో అంత ఎత్తు కర్రలు. నాలుగు మూలలా పాతి, పైన అడ్డకర్రలు కట్టు. కొన్నాళ్లు అలా ఉంచు. అందరూ చూస్తారు. తర్వాత మాట్లాడుకుందాం."

"అవతల వాన ముంచుకొస్తోంది! ఉత్త కర్రల్ని చూస్తే ఏం తెలుస్తుంది? ఎందుకీ తంతు?"

"ఎందుకో మా తాత నాకు చెప్పలేదు. చూడమన్నాడు. నేనూ నీకు చెప్పను. చూడు" అని తాత తల లోపలికి లాక్కున్నాడు.

గంపమ్మకు ఒళ్లు మండింది. విసవిసా తిరిగొస్తుంటే పక్కనే కాపురముండే కుందేలమ్మ ఎదురైంది. సంగతంతా విని పకపకా నవ్వింది.

"నువ్వు మరీ అమాయకురాలివి వదినా! పాత గాదె అంత పొట్టి కర్రలు పాతు. పెద్దలు చూసి సరేనంటారు. తర్వాత నీ ఇష్టమొచ్చినంత ఎత్తు లేపుకో. కట్టేశాక ఎవరు పీకేస్తారు చెప్పు?"

ఈ సలహా గంపమ్మకు బాగా నచ్చింది. పొట్టి కర్రలు ఏరుకుంది కూడా. తీరా పాతబోతూ ఆగిపోయింది. పొట్టివి పాతితే పని అయిపోతుంది, నిజమే. కానీ తాత ఏం చూడమన్నాడో ఎప్పటికీ తెలియదు. తెలియకుండా ఊరుకోవడం గంపమ్మ వల్ల అయ్యే పని కాదు. అందుకని అడవి నుంచి వాగులో కొట్టుకొచ్చిన పొడుగాటి తుమ్మ కర్రలు ఈడ్చుకొచ్చింది. తాను కట్టాలనుకున్నంత ఎత్తున పాతింది. గింజల మీద ఆకులు కప్పి, గడ్డి దుబ్బు చాటున కూర్చుంది.

మొదట ఒక తూనీగ వచ్చి అడ్డకర్ర మీద వాలింది. కాసేపు రెక్కలు ఆరబెట్టుకుని ఎగిరిపోయింది.

"ఓస్, ఇంతేనా!" అనుకుంది గంపమ్మ.

మర్నాడు చీలిన తోక ఉన్న నల్లపిట్ట ఒకటి కాసేపు నేల మీద గెంతి, ఎగిరి అడ్డకర్ర మీద వాలింది. అటూ ఇటూ చూసింది. రివ్వున కిందికి దిగి ఒక మిడతను పట్టుకుని మళ్లీ అక్కడికే వచ్చింది.

"అరె! ఇందాక నేల మీద గెంతుతున్నప్పుడు దీనికి ఆ మిడత కనిపించలేదే. కర్రెక్కగానే ఎలా కనిపించింది?" అని గంపమ్మ ముక్కు గోక్కుంటూ ఆలోచించింది.

ఆ తర్వాతి రోజు పొద్దున్నే తీతువు పిట్ట ఒకటే అరుపు. తీతువు అరిస్తే కీడని అందరూ దాన్ని తిట్టుకుంటారు. పాపం, అది అరిచేది నేల మీద పెట్టుకున్న తన గుడ్ల కోసం. గంపమ్మ తలెత్తి చూసింది. రోజూ ఆకాశంలో చక్కర్లు కొట్టి వెళ్లిపోయే గద్ద, ఇవాళ అడ్డకర్ర మీద తీరిగ్గా కూర్చుని ఉంది. మెల్లగా తల తిప్పి బీడంతా చూసింది. ఒక్కసారిగా కిందికి దూకింది. తీతువు ప్రాణానికి తెగించి దాని మొహం మీదికి ఎగిరింది. గద్ద గురి తప్పింది.

"పోనీలే. కూర్చోవడానికి చోటు కుదిరింది. రేపు మళ్లీ వస్తాను" అని గద్ద వెళ్లిపోయింది.

గంపమ్మ కర్ర పట్టుకుని పైకి పాకింది. గద్ద కూర్చున్న చోటికి వెళ్లి కిందికి చూసింది. గులకరాళ్ల మధ్య తీతువు గుడ్లు కనిపించాయి. ఇన్నాళ్లూ వాటి పక్క నుంచే తిరిగినా ఏ రోజూ కనిపించలేదు. గడ్డి గుంటలో కుందేలమ్మ కూనలు కనిపించాయి. అటు పక్కన ఆకుల కింద తలలు దూర్చి దొంగతనంగా గింజలు నమిలేవాళ్ల బుజ్జి వీపులు కనిపించాయి.

అవి గంపమ్మ పిల్లలే.

ఒక్క ఉదుటున కిందికి జారి, కర్రలన్నీ పీకి పారేసింది. తాత దగ్గరికి ఏడుస్తూ వెళ్లింది.

"చూశాను తాతా. ఎత్తు నాకొద్దు. కానీ గింజలు తడవకూడదు కదా! అదే చోట గడ్డి కన్నా పొట్టిగా, కొంచెం పొడవు పెంచి కట్టుకోనా?"

"మళ్లీ కర్రలు పాతు" అన్నాడు తాత.

ఈసారి పాతిన కర్రలు గడ్డిలో కలిసిపోయాయి. చూడ్డానికి వచ్చిన పెద్దలు ఎంత వెతికినా దొరకలేదు. చివరికి తాత కాలికే ఒకటి తగిలి, ఆయన వెల్లకిలా పడబోయి తమాయించుకున్నాడు.

"బాగుంది. కట్టుకో" అన్నాడు.

తీతువు కూడా సరేనంది. కుందేలమ్మ సిగ్గుపడుతూ రెల్లు మోసుకొచ్చి పెట్టింది. కప్పు వేయడం, వాన మొదలవడం ఒకేసారి జరిగాయి. లోపల గింజలు మాత్రం పొడిపొడిగా ఉన్నాయి.

వాన కాస్త తెరిపిచ్చిన పూట, గంపమ్మ చిన్నకూతురు చిట్టినూక గాదె చుట్టూ తిరిగొచ్చింది. అమ్మ పోలికే దానిది.

"అమ్మా, మన గాదె ఎందుకింత పొట్టి?"

గంపమ్మ నవ్వి, మబ్బుల కింద తిరుగుతున్న గద్దను చూపించింది. వాలడానికి చోటు దొరక్క అది తిరిగిన చోటే తిరుగుతోంది.

"అదిగో, దాన్ని అడుగు."

చిట్టినూక తలెత్తి గద్దను చూసింది. గద్దకు చిట్టినూక కనిపించలేదు.

నీతి: ఒక కట్టుబాటు ఎందుకుందో మనకు తెలియనప్పుడు, దాన్ని దాటే ముందు అది ఎవరిని కాపాడుతోందో వెతికి చూడాలి. వాళ్లలో మనమూ ఉండొచ్చు.