హైలేసా అన్న చిన్నకేతు

అనగనగా ఒక రాజు. పేరు రత్నకేతుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు: పెద్దకేతు, నడిమికేతు, చిన్నకేతు. పేర్లు పెట్టడానికి కూడా బద్ధకమే ఆ మహానుభావుడికి, ఏం చేస్తాం! అయినా రాజ్యం చల్లగానే ఉండేది. అక్కడ పాట లేనిదే పని లేదు. వడ్లు దంచితే పాట, నాట్లేస్తే పాట, పడవ తోస్తే పాట.

ఒకనాడు గరళదంతుడనే మాంత్రికుడు భుజాన చిలకతో సభకి వచ్చాడు.

"మహారాజా! నాకు ధనం వద్దు, ధాన్యం వద్దు. మీ జనం పాటలు నా చిలక వినాలి, అంతే."

రాజు పకపకా నవ్వాడు. "వింటే పాట అరిగిపోతుందా, కరిగిపోతుందా? విననీ!"

అక్కడే పప్పులో కాలేశాడు. చిలక విన్నది విన్నట్టు పాడేది. ఎంత కమ్మగా పాడేదంటే, జనం చేతిలో పని కింద పడేసి, నోరు వెళ్ళబెట్టుకుని వినేవాళ్ళు. పాట ముగిసేసరికి అది వాళ్ళ నోట్లో ఉండేది కాదు! ఒకటి పోయింది, పది పోయాయి, నూరు పోయాయి. ఆఖరి పాట కూడా మింగాక చిలకని తీసుకుని మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి చక్కాపోయాడు.

"పోతే పోనీ, పాటలేగా" అన్నాడు రాజు. పాటలేనట! ఆ ఏడు వరదకి ఏటిగట్టు తెగింది. గండి పూడాలంటే కొండ కింద ఉన్న ఏనుగంత బండని లాక్కొచ్చి అడ్డం వెయ్యాలి. నూరుమంది మోకులు పట్టారు. ఒకడు ఇప్పుడు లాగితే ఇంకొకడు అప్పుడు లాగాడు. అందరిచేతా ఒక్క ఊపున లాగించే పాట ఎవరికీ గుర్తు రాలేదు. బండ వెంట్రుకవాసి కదిలితే ఒట్టు. మళ్ళీ వానలు పడేలోగా గండి పూడకపోతే ఊరంతా ఏట్లో కలిసిపోవడమే.

అప్పటికి రాజుకి నవ్వు పోయింది. "నాయనలారా, పరదేశం పోయి, బతికున్న పాట ఒక్కటి పట్టుకురండి" అని కొడుకుల్ని బతిమాలాడు.

పెద్దకేతు ఓడెక్కి ఏడు సముద్రాలూ దాటి, ఒక బెస్తల దీవిలో దిగాడు. ఇసకలో పీట వేయించుకుని కూర్చుని, "పాడండి" అన్నాడు.

"మాకు పాటలెక్కడొస్తాయి దొరా?" అన్నారు బెస్తలు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

తర్వాత నడిమికేతు అదే దీవిలో దిగి, కత్తి దూసి, "పాడతారా, చస్తారా?" అన్నాడు.

"మాకు పాటలెక్కడొస్తాయి దొరా?" అన్నారు వాళ్ళు గడగడా వణుకుతూ. మెడ మీద కత్తి పెడితే ఎవడికర్రా రాగం వచ్చేది? వాడూ వెళ్ళిపోయాడు.

చిన్నకేతు బయలుదేరేసరికి రేవులో ఓడలు లేవు. ముసలి తాబేలొకటి మాత్రం వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. అయ్యో పాపం అని బోర్లా తిప్పాడు.

"బతికించావు నాయనా, వీపెక్కు" అంది తాబేలు. "తొందరపెట్టావో, నడిసముద్రంలో దింపేస్తాను."

ఒక సముద్రం దాటింది. రెండో సముద్రం దాటింది. ఊసులు చెప్పుకుంటూ ఏడూ దాటింది. దీవిలో బెస్తలు వల లాగుతున్నారు. చిన్నకేతు చేతులు జోడించాడు. "అమ్మల్లారా, అయ్యల్లారా, ఒక్క పాట పాడి పుణ్యం కట్టుకోరూ?"

"మాకు పాటలెక్కడొస్తాయి బాబూ?"

ఊళ్ళో వాళ్ళంతా చిన్నకేతు కళ్ళలో మెదిలారు. నీళ్ళు తిరిగాయి.

"ఏడవకు" అని కసిరింది తాబేలు. "ఆ కొండ మీదే గరళదంతుడి కాపురం. వాడి చిలక మింగేస్తుందని పాటలు నోట్లోనే దాచుకుంటారు. ఊరికే నిలబడి వినేవాడెవడొచ్చినా వీళ్ళకి వాడే గుర్తొస్తాడు. మొహం చూసి పాడరు వీళ్ళు, పని చూసి పాడతారు. పో, పోయి వల పట్టు!"

చిన్నకేతు పట్టుబట్ట పైకి దోపి నీళ్ళలోకి దిగాడు. తాడు పట్టి ఒక్క లాగు లాగాడో లేదో, కాలు జారి బురదలో చతికిలపడ్డాడు. తాడు మొదట నూకాలనే పిల్ల ఉంది. ఆ దీవిలో పదం ఎత్తుకునేది ఆమే.

"ఓలమ్మో, దొరబాబు చేపల్ని కూర్చుని పడతాడట!" అని కిలకిలా నవ్వింది. చిన్నకేతు కూడా నవ్వి, లేచి మళ్ళీ తాడు పట్టాడు. అరచేతులు బొబ్బలెక్కినా వదల్లేదు. ఇక నూకాలుకి నోరు ఆగలేదు.

"ఏటికెవరే మేనమామ?"

"హైలేసా!"

"ఎండ్రకాయే మేనమామ!"

"హైలేసా!"

ఏడాది తర్వాత పాట విన్నాడు పాపం. ఒళ్ళంతా పులకరించి, వాడూ గొంతెత్తి అరిచాడు.

కొండ మీద గరళదంతుడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. "పోయి మింగిరావే!" అని చిలకని వదిలాడు. అది పడవ కొన మీద వాలి, అచ్చం నూకాలు గొంతుతో ఎత్తుకుంది. "ఏటికెవరే మేనమామ?"

నూకాలు నోరు తెరిచింది. పదం రాలేదు. మొహం పాలిపోయింది. బెస్తలు నోరు వెళ్ళబెట్టారు. చేతుల్లో తాళ్ళు వదులవుతున్నాయి. ఇంటి దగ్గర ఇలాగే కదూ అన్నీ పోయాయి! చిన్నకేతు తాడు బిగించి, గొంతు చించుకుని అరిచాడు:

"హైలేసా!"

చిలక టక్కున ఆగింది. మెడ పక్కకి వంచింది. "ఏమన్నావు?"

"హైలేసా అన్నాను. తర్వాతది చెప్పు తల్లీ, వల బరువుగా ఉంది!"

"ఎండ్రకాయే మేనమామ" అంది చిలక, కొంచెం సిగ్గుపడుతూ. ఈసారి అందరూ అందుకున్నారు. వల కదిలింది. పాట ముగిసేసరికి నూకాలు పదం నూకాలు నోటికి వచ్చేసింది!

"ఇన్నేళ్ళూ పాడాను, ఒక్కరూ నాకు బదులు పలకలేదు" అంది చిలక. దానికి ఏడుపొక్కటే తక్కువ. "ఇంకోటి పాడనా?"

గరళదంతుడు కొండ దిగి పరుగున వచ్చాడు. "ఆపవే!" అని చిలక పీక పట్టుకున్నాడు. కోపంలో మరిచిపోయాడు గానీ, వాడి ప్రాణం దాచుకున్నదే ఆ చిలకలో! దాని పీక నొక్కితే వాడి గుడ్లు బయటికొచ్చాయి. కెవ్వుమని వదిలేశాడు.

"నేను ఈ అబ్బాయితో పోతున్నాను. వస్తావో రావో, నీ ప్రాణం నీ ఇష్టం" అంది చిలక. రాక చస్తాడా? సణుక్కుంటూ పడవెక్కాడు.

నూకాలూ ఎక్కి కూర్చుంది. "చిలక తప్పు పాడితే దిద్దేదెవరు? నేనూ వస్తాను." చిన్నకేతు వద్దంటాడా! తాబేలు ముందు దారి చూపించింది. ఏడు సముద్రాలూ పాడుకుంటూనే వచ్చారు.

వచ్చేసరికి మబ్బులు కమ్మేశాయి. నూరుమంది మోకులు పట్టారు. చిన్నకేతు పట్టాడు, అన్నలు పట్టారు, మాంత్రికుడి చేత కూడా పట్టించారు. చిలక బండ మీద కూర్చుని పదం ఎత్తుకుంది. "హైలేసా!" అని ఊరంతా అరిచింది. బండ ఊగింది, కదిలింది, జరుగుతూ జరుగుతూ గండి దాకా వచ్చింది. ఇంక జానెడు దూరం ఉందనగా మొరాయించింది. ఎంత లాగినా రాలేదు.

"ఒక్క చెయ్యి తక్కువైంది" అంది చిలక.

అందరూ గొడుగు కింద నిలబడ్డ రాజు వైపు చూశారు. చిన్నకేతు దగ్గరికి వెళ్ళి, "నాన్నగారూ, మీరు కూడా రావాలి" అన్నాడు. గొడుగు మీద తొలి చినుకు టప్పున పడింది.

"ఊరి పాటలు పోగొట్టిందే నేను, ఏ మొహంతో పట్టనురా చిన్నా?" అన్నాడు రాజు.

"మొహంతో పనేంటి మావా, చేతులున్నాయిగా!" అంది నూకాలు. అప్పుడే మావా అనేసింది, చూశారా!

రాజు కిరీటం తీసి పక్కన పెట్టాడు. పంచె ఎగ్గట్టాడు. మోకు పట్టుకుని "హైలేసా" అన్నాడు. అబ్బో, ఆ గొంతుకన్నా కాకి నయం! పిల్లలు విరగబడి నవ్వారు. రాజూ నవ్వాడు. ఆ నవ్వుల్లోనే బండ జర్రున జారి గండిలో కూర్చుంది.

వారం రోజులు కుండపోత. ఏరు బండ దాకా పొంగి, వెనక్కి మళ్ళింది. ఏటి నీటికి ఒక్క గడప తడవలేదు. ఎనిమిదో రోజున చిన్నకేతుకీ నూకాలుకీ పెళ్ళి. పసుపు కొమ్ములు దంచింది ఎవరనుకున్నారు? పెద్దకేతూ నడిమికేతూను! చిలక పాడగా బదులు పలుకుతూ దంచుతూ ఉంటే, పోయిన పాట దానంతటదే వాళ్ళ నోటికి వచ్చింది. గరళదంతుడు రేవులో పడవలు తోస్తూ, చిలక పాడినన్నాళ్ళూ బతికాడు. చిన్నకేతు, నూకాలు చాలాకాలం చల్లగా ఏలారు. ముసలి రాజు మాత్రం ఊళ్ళో ఎవరింట్లో రోకలి చప్పుడైనా వెళ్ళి గొంతు కలిపేవాడు. వద్దంటే ఊరుకుంటేగా!

కథ ఒడ్డెక్కింది. లేవండర్రా, చేతులు కడుక్కుని అన్నాలకి రండి.