వకుళ గీసిన మొదటి మేక

అనగా అనగా, రాళ్లు నూరి రంగులు చేసుకునే రోజుల్లో, చందనగిరి అనే రాజ్యం ఉండేది. ఆ రాజుగారికి బొమ్మలంటే ప్రాణం. అందుకే పిల్లల కోసం చిత్రశాల కట్టించి, విరూపాక్షుడనే ముసలి చిత్రకారుణ్ణి గురువుగా పెట్టాడు.

చేరిన రోజే గురువు ప్రతి ఒక్కరికీ ఒక బొమ్మల పుస్తకం ఇచ్చేవాడు. కాగితాలు పేర్చి, మధ్యకు మడిచి, మడత మీద దారంతో కుట్టిన పుస్తకం అది. రోజూ అందులో ఒక బొమ్మ గీయాలి. చెడినా సరే, చించకూడదు.

ఆ ఏడు రాజు కబురు పంపాడు. వానలు తగ్గాక పుస్తకాలు చూస్తాననీ, చెయ్యి తిరిగిన ఒకరికి కొత్త సభామండపం గోడ అప్పగిస్తాననీ చెప్పాడు.

గానుగ ఆడించేవారి అమ్మాయి వకుళకు ఆ గోడ మీద ఆశ పుట్టింది. మంత్రిగారి అబ్బాయి జయంతుడికీ పుట్టింది.

మొదటి రోజు మేకను గీయమన్నాడు గురువు. వకుళ గీసింది చూసి జయంతుడు, “కాళ్లున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే రోలనుకునేవాణ్ణి” అన్నాడు. అందరూ నవ్వారు. వకుళకూ నవ్వొచ్చింది.

“రేపు దీనికి మెడ మొలుస్తుందిలే” అని పుట తిప్పింది.

నిజానికి జయంతుడి మేకా అంతంతమాత్రమే. ఎవరూ చూడకుండా దాన్ని చించేశాడు. తర్వాత కాకి కుదరలేదు, చించేశాడు. ఆ తర్వాత నాయనమ్మ చేతులు గీస్తే వేళ్లు దొండకాయల్లా వచ్చాయి. అదీ చించేశాడు. పుస్తకం శుభ్రంగా ఉందని మురిసిపోయాడు.

అయితే అతని చెయ్యి బాగుపడిన మాట నిజం. పుస్తకం చివరికొచ్చేసరికి మేకా, కాకీ, నాయనమ్మ చేతులూ ప్రాణం పోసుకున్నాయి. ఆ కాగితాలు వదులుగా ఊగుతున్నా అతను పట్టించుకోలేదు.

వానలు తగ్గాయి. రాజు వచ్చి జయంతుడి పుస్తకం తెరిచాడు. చివరి మూడు కాగితాలూ జారి ఆయన కాళ్ల దగ్గర పడ్డాయి.

“చాలా బాగున్నాయి నాయనా” అన్నాడు రాజు వాటిని ఏరి. “కానీ ఇవి కుట్టులో లేవే. నువ్వే గీశావని నాకెలా తెలుస్తుంది?”

గీసింది జయంతుడే. చూపించడానికి మాత్రం అతని దగ్గర ఏమీ లేదు.

తర్వాత వకుళ పుస్తకం. మొదటి మేకను చూసి రాజు కడుపుబ్బ నవ్వాడు. ఒక్కో పుటా తిప్పేకొద్దీ నవ్వు తగ్గింది. చివరి పుటలో మేక గడ్డిపరక నోట పెట్టుకుని, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూస్తోంది.

“ఈ చెయ్యి ఎక్కడ బయల్దేరి ఎక్కడికి వచ్చిందో నాకు కనబడుతోంది. గోడ నీదేనమ్మా” అన్నాడు రాజు.

గురువు జయంతుణ్ణి పక్కకు పిలిచి వకుళ పుస్తకం చూపించాడు.

“మొదటి మేకా, చివరి మేకా ఉన్నది ఒకే కాగితం మీద, నాయనా. మధ్యలో మడత, అంతే. ఇటు చించితే అటు పట్టు పోతుంది.”

జయంతుడు కొత్త పుస్తకం అడిగి తీసుకున్నాడు. మర్నాడు అందులో గుర్రాన్ని గీశాడు. వకుళ తొంగి చూసి, “రోలు బాగుంది” అంది.

జయంతుడు నవ్వి, పుట తిప్పాడు.

కాబట్టి పిల్లలూ, చెడిన బొమ్మను చించకండి. రేపు కుదరబోయే బొమ్మను పట్టి ఉంచేది అదే.