పెంటమ్మ గుక్క

ఊ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి, కునికేవాళ్లు గోడకు చేరండి. ఇది రాజులకు కోటలూ పేదలకు పేటలూ ఉన్న కాలం నాటి మాట.

ఒక ఏరు. ఏటికి అవతల కోట, ఊరు. ఇవతల పేట. ఊరిలో దీపాలు, పేటలో జ్వరాలు. ఊరి పిల్లలకు దేవుళ్ల పేర్లు. పేట పిల్లలకు పెంటయ్య, పుల్లయ్య, తవిటయ్య. ఎందుకలా? పేటలో బిడ్డలు పుట్టినట్టే పుట్టి పోయేవాళ్లు. అందుకే పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డ దొరికినట్టు ఎత్తుకొచ్చేవాళ్లు. చావుకు అసహ్యం వేసి వదిలేస్తుందని ఆశ. అలా బతికిన పిల్లే మన పెంటమ్మ.

ఊరిబడి పేట పిల్లల్ని అరుగు ఎక్కనివ్వలేదు. సరే, పొమ్మన్నారు పేటవాళ్లు. తామే మట్టి తొక్కారు, తామే గోడ లేపారు, తామే తాటాకు కప్పారు. బడి నిలబడింది! ఆ బడిలో పాఠం చెప్పేది రాజలింగం అయ్యవారు. ఆ బడిలో గంజి కాచేది, అప్పటికే ముసలిదైన పెంటమ్మ. మందుల్లో ఆమెకు ఒక్క ఆకు పేరూ, ఒక్క వేరు పేరూ తెలియదు. ఆమెకు మిగిలింది ఒక్కతే మనవరాలు, తవిటి.

ఒక వానాకాలం పేటలో జ్వరం లేచింది. ఇంటింటా ఒకరు మంచం పట్టారు. రాజుకు కబురు వెళ్లింది.

గుర్రం వచ్చింది, డప్పు మోగింది, మందు వచ్చింది. రాజవైద్యుడు మాధవభట్టు గుర్రం దిగలేదు. కింద జనం దొన్నెలు పట్టుకుంటే పైనుంచి కషాయం ధారగా పోశాడు. అందరూ దండం పెట్టారు. అందరూ ఇంటికి పోయారు. అందరూ ఆ కషాయాన్ని గడపలో పోసి పసుపు బొట్టు పెట్టారు. గడపకు మందు పడితే జ్వరం లోపలికి రాదని వాళ్ల లెక్క. గడపలు చల్లగానే ఉన్నాయి. పిల్లల ఒళ్లు కాలిపోయాయి.

గుర్రం వచ్చింది, డప్పు మోగింది, మందు వచ్చింది. ఈసారి వెనక బల్లేలు కూడా వచ్చాయి. "నోరు తెరిపించి పోయండి!" అని బంట్లకు ఆజ్ఞ అయింది. పేటంతా పిల్లల్ని చంకనేసుకుని తాటితోపులోకి పరుగెత్తింది.

ఇక మందు రాలేదు. డప్పు ఒక్కటే వచ్చింది. "రాజుగారి ఆన! మందు తాగని పేటకు దారి లేదు. రేపు పొద్దుటికి రేవు మూత! కూలికి దాటినవాడి కాళ్లు విరుగుతాయి!"

రాజలింగం అయ్యవారు బడి అరుగెక్కి పిడికిలి ఎత్తాడు. "దానం వద్దు, భాగం కావాలి! మమ్మల్ని పక్కనపెట్టి మాకేదీ చేయొద్దు!"

"బాగుంది అయ్యవారూ," అంది పెంటమ్మ. "ఇక్కడ మేకలు విన్నాయి. కోటలో ఎవరు వింటారు?"

లోపల తవిటి కళ్లు తెరవడం లేదు. తెల్లారింది, రేవు మూశారు. పెంటమ్మ కొంగు బిగించింది, ఏట్లో దిగింది.

రేవు కాపలావాడు అరిచాడు. "ముసలీ, ఆగు!"

"నేను ఆగుతా నాయనా. నా మనవరాలి ఊపిరి ఆగకుండా నువ్వు పట్టుకుంటావా?"

వాడు పక్కకు తప్పుకున్నాడు.

కొలువులో రాజు గద్దించాడు. "మందు పంపితే గడపలో పోస్తారా? మీకు విశ్వాసం లేదా?"

"ఉంది దొరా. మా తాతకు బాగా ఉండేది. మీ తాతగారి కూతురికి జబ్బు చేసింది. కొత్త మందు అమ్మాయిగారికి పడుతుందో పడదో చూద్దామని ముందు మా పేటకు పోశారు. మా జబ్బుకే మందని చెప్పి పోశారు. నమ్మి తాగాడు మా తాత. కళ్లు పోయాయి. ఆయనతోపాటు వీధంతటికీ పోయాయి. అమ్మాయిగారికి మాత్రం ఆ మందు ఇవ్వలేదు. ఎందుకిస్తారు, చూసుకున్నారుగా!"



"అది పాతమాట," అన్నాడు మాధవభట్టు.

"తమకు పాత. ఆయన బతికినన్నాళ్లూ మా అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించింది సామీ."

రాజు తల దించుకున్నాడు. ఎత్తేసరికి గొంతు మారింది. "ఏం చేస్తే తాగుతారు?"

"మందు మా బడిలో కాచాలి, మా కళ్లెదుట. మా పిల్లలు పక్కనుండి నేర్చుకోవాలి, రేపు వాళ్లే కాచాలి. పోసేవాడు ముందు తాగాలి."

"దినుసులు కోట ఇస్తుంది," అన్నాడు రాజు. "చేతులు మీ బడి ఇవ్వాలి. ఒప్పుకున్నాను."

ఇక చూడండి సందడి! కోటనుంచి బండ్లు కదిలాయి. నేలవేము వచ్చింది, తిప్పతీగ వచ్చింది, శొంఠి వచ్చింది. బడి వాకిట్లో గాడిపొయ్యి తవ్వారు. మాధవభట్టు చెబుతుంటే బడిపిల్లలు దంచారు, వడగట్టారు, వంద ప్రశ్నలడిగారు. అయ్యవారు మళ్లీ నినాదం ఎత్తుకోబోయాడు.

"అరిచింది చాలుగానీ కట్టెలందుకో నాయనా!" అంది పెంటమ్మ. పిల్లలు పకపకా నవ్వారు.

మందు పొంగింది. పేట పేటంతా వచ్చి చుట్టూ నిలబడింది. మాధవభట్టు ముంత ముంచాడు. పెదవుల దాకా తెచ్చాడు. చెయ్యి ఆగిపోయింది.

పేట నీళ్లు. పేట కుండ. పేటవాళ్లు పట్టిన ముంత. ఆయనకు గుర్తొచ్చింది అదే. జనానికి కనబడింది వేరు.

"తాగడంలేదు! చూశారా, తాగడంలేదు!"

"విషమే! పదండి తోపులోకి!"

తల్లులు బిడ్డల్ని ఎత్తుకున్నారు. వెనక వరస కదిలింది. మధ్య వరస కదిలింది. పెంటమ్మ ఒళ్లో తవిటి పొయ్యిలో నిప్పులా కాలుతోంది.

పెంటమ్మ లేచింది. ముంత లాక్కుంది. ఒక గుక్క తాగింది.

"మనోళ్లు తాగితే ఏం లాభం అత్తా?" ఎవరో అరిచారు. "ఎప్పుడూ ముందు తాగిందీ మనమే, పోయిందీ మనమే!"

"నిజమేరా!" అంది పెంటమ్మ. ఆ ఎంగిలి ముంతనే మాధవభట్టు ముందు పట్టింది. "సామీ, తాగితే మీ కులం పోతుందని మీ భయం. తాగకపోతే నా పిల్ల పోతుంది. పోయిన కులం మీ వాళ్లు వెతికి తెస్తారేమో. నా పిల్లను ఎవరు తెస్తారు?"

మాధవభట్టు తవిటి వైపు చూశాడు. వైద్యుడి కళ్లతో చూశాడు. ఇంకొంచెం ఆలస్యమైతే మందు కూడా పనిచేయదని ఆయనకు తెలిసింది.

ముంత అందుకున్నాడు. ఆమె నోరు పెట్టినచోటే నోరు పెట్టాడు. గటగటా తాగాడు! అడుగు కనబడేదాకా తాగి, ముంత బోర్లించి చూపించాడు.

పేట ఒక్కసారిగా ఊపిరి వదిలింది. "తాగాడురో!" అని బడిపిల్లలు ఎగిరారు. వెనక వరస ముందుకొచ్చింది. డప్పులవాళ్లు ఎవరూ చెప్పకుండానే దరువెత్తుకున్నారు. ముంతలు, దొన్నెలు, చిప్పలు, ఏది దొరికితే అది పట్టుకుని జనం పొయ్యి చుట్టూ మూగారు. మాధవభట్టు నేల మీద చతికిలబడి, తవిటి తల ఒళ్లో పెట్టుకుని, చుక్కచుక్కగా మందు పోశాడు.

తెల్లారేసరికి తవిటికి చెమట పట్టింది. కళ్లు తెరిచి, "అవ్వా, ఆకలి," అంది. పెంటమ్మ ఏడుస్తూ నవ్వుతూ గంజి పెట్టింది.

రేవు తెరుచుకుంది. ఆ ఏడాది నుంచి కోట దినుసులు పంపడం మానలేదు, బడి వైద్యుల్ని తయారుచేయడం మానలేదు. పేట బడిలో చదివిన వైద్యుల కోసం ఊరివాళ్లే ఏరు దాటి వచ్చేవాళ్లు. పెంటమ్మ పండు ముసలై, నిద్రలోనే పోయింది. ఆమె పాడెకు ఒక కొమ్ము రాజలింగం పట్టాడు, ఒక కొమ్ము మాధవభట్టు పట్టాడు.

ఆ దేశంలో ఈనాటికీ మందు పోసేవాడు ముందు తాను ఒక గుక్క తాగాలి. దాన్ని పెంటమ్మ గుక్క అంటారు. కొత్త వైద్యుడు ఎవరైనా మరిచిపోయి ముంత చాపాడో, మంచంలో ఉన్నవాళ్లు నోరు మూసుకుంటారు. మంచం పక్కనున్న చిన్నపిల్లలైనా సరే వేలెత్తి అంటారు: "ముందు మీరు!"

రాజుగారికి కూడా అలాగే పోస్తారట. పేటకు కూడా అలాగే పోస్తారట. ఒకే ముంతతో.