జాలరి పేరు

రెండు నదుల నడుమ ఊళ్ళు కొత్తగా లేస్తున్న రోజులవి. రాత పుట్టి ఎంతో కాలం కాలేదు.

ఉబారు అనే శిష్యుడికి మూడు వందల గుర్తులు వచ్చు. మేక, నూనె, పడవ, రాగి గొడ్డలి, ఏది అడిగినా తడి మట్టిపలక మీద పుల్లతో ఇట్టే నొక్కేవాడు. తనకు గుర్తు తెలియని వస్తువంటూ లేదని అతని ధీమా. అలాంటివాణ్ణి ఒక ముసలామె గుడి ముంగిట్లో, పనివాళ్ళందరి ముందూ పొద్దున్నుంచీ తికమక పెడుతోంది.

ఆమె భర్త జాలరి. వరదలో పోయాడు. శవం దొరకలేదు. పిల్లలు లేరు. పోయినవాళ్ళను గుడి గోడ దగ్గర పేరుపెట్టి పిలిచి నీళ్ళు వదలడం ఆ ఊరి ఆచారం. ఇన్నాళ్ళూ ఆమే వచ్చి పిలిచేది. ఇప్పుడు కాళ్ళు వాచాయి, నాలుగడుగులేస్తే ఆయాసం.

"నేను పోతే ఆయన్ని పిలిచే దిక్కుండదు బాబూ. పేరు రాసిపెట్టు," అంది.

"అదెంత పని!" అని ఉబారు చేప గుర్తు నొక్కాడు.

"ఇది చేప కదా?"

చేప పక్కన మనిషిని పెట్టాడు.

"మా పేటలో మగాళ్ళంతా చేపలు పట్టేవాళ్ళే. ఇతను వాళ్ళలో ఎవరు?"

ఉబారు చెమట తుడుచుకున్నాడు. "పోనీ, మీ ఆయనకి మాత్రమే ఉన్నదేదైనా చెప్పమ్మా."

ఆమె ఆలోచించింది. "రాగి గాలం. మిగతావాళ్ళవన్నీ ఎముక గాలాలే. ఈయన కొలిమివాణ్ణి బతిమాలి ఒక్క రాగి ముక్క తెచ్చుకుని, సాగగొట్టి వంచుకున్నాడు."

ఉబారు హుషారుగా గాలం నొక్కాడు. ఆమె దాన్ని ముఖం దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గాలం బాగా కుదిరింది బాబూ. ఆయనే లేడు."

పలక చెరిపాడు. పొట్టివాడా, పొడుగా అని అడిగాడు. మళ్ళీ చెరిపాడు. మట్టి చేతుల్లోనే ఎండిపోతోంది. చివరికి లేచి, వసారాలో కూర్చున్న గురువు ఎన్నాకి దగ్గరికి వెళ్ళాడు.

"గురువుగారూ, పేరు ఎలా ఉంటుంది? దాన్ని చూసినవాళ్ళెవరు? చూడనిదాన్ని ఎలా రాయను?"

ఎన్నాకి లేచి వచ్చి ముసలామె ఎదురుగా చతికిలబడ్డాడు.

"అమ్మా, తిండివేళకి ఒడ్డున నిలబడి ఆయన్ని ఎలా పిలిచేదానివి?"

ఆమె సిగ్గుపడింది. "ఇక్కడా? ఇంతమందిలోనా?"

"ఇక్కడే."

ఆమె నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుంది.

"షూ... గీ..!"

ముంగిట్లో పనులన్నీ ఆగిపోయాయి.

"ఇంకోసారి," అన్నాడు ఎన్నాకి. కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత మట్టి తడిపి, ఒక చెయ్యి గుర్తు నొక్కాడు. దాని పక్కన రెల్లు గుర్తు నొక్కాడు. అంతే. చేతులు కడుక్కున్నాడు.

ఉబారుకు తల తిరిగింది. "ఆయన జాలరి కదా గురువుగారూ! చెయ్యెందుకు? రెల్లెందుకు?"

అంతలో ఎగువ ఊరి రాతగాడొకడు ఏదో పని మీద లోపలికొచ్చాడు. ఈ ఊరికి అతను రావడం అదే మొదటిసారి. ఎన్నాకి ఆ పలక అతని చేతిలో పెట్టాడు.

"గట్టిగా చదువు నాయనా."

వాళ్ళ భాషలో చేతిని 'షు' అంటారు. రెల్లుని 'గి' అంటారు. అతను కనబడ్డది కనబడ్డట్టు చదివాడు.

"షు... గి..."

అటు తిరిగి చెప్పులు వెతుక్కుంటున్న ముసలామె "ఆఁ!" అంటూ గిరుక్కున వెనక్కి తిరిగింది. గుమ్మంవైపు చూసింది. ఎవరూ లేరు. పలక పట్టుకున్న కొత్తమనిషిని చూసింది.

"నీకు... ఆయన తెలుసా బాబూ?"

"ఎవరమ్మా?" అన్నాడతను, ఏమీ పాలుపోక.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "ఏం లేదులే. ఇంకోసారి చదవవూ?"

అతను ఈసారి రెండూ కలిపి చదివాడు.

"నీడలో ఆరబెట్టు. ఎండలో పెడితే పగులుతుంది," అని ఎన్నాకి వసారాలోకి వెళ్ళిపోయాడు.

ఉబారు చాలాసేపు ఆ చేతినీ రెల్లునీ చూస్తూ నిలబడ్డాడు. పెదవులు వాటంతటవే కదిలాయి. తర్వాత మరో మట్టిముద్ద తీసుకుని, తడిపి, పలకగా తట్టి, ఆమె ఎదుట కూర్చున్నాడు.

"అమ్మా," అన్నాడు మెల్లగా, "ఆయన నిన్ను ఏమని పిలిచేవాడు?"