నల్లకొండ మీది పచ్చ చెక్కు

మరీ మొన్న కాదు, లోకం పుట్టినప్పుడూ కాదు, మధ్యలో ఎప్పుడో ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు ఉదయసేనుడికి నిశ్చయమైన పిల్ల మందారవల్లిని కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, నల్లకొండ మీద, పచ్చరాయిలో ఉందట. పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. నడిపివాడు వెళ్లాడు, రాలేదు.

ఉదయసేనుడు వెళ్లేసరికి కొండ కింద అన్నలిద్దరూ, మందారవల్లీ రాతిబొమ్మలై ఉన్నారు. నడిపివాడి బొమ్మ గాలికి పడి ముక్కలైంది కూడా.

కొండ నిండా పచ్చరాళ్లే. ఒక్కొక్కటి ఆవగింజంత. నల్లరాతి నెర్రెల్లో పుండు మీది చెక్కులా పొరకట్టి అంటుకుని, లెక్కకందకుండా మెరుస్తున్నాయి. ప్రాణం ఏ గింజలో ఉందో!

నిప్పు పెట్టాడు, కరగలేదు. ద్రావకం పోశాడు, రంగైనా మారలేదు. ఉలితో ఒక గింజ పెకలించాడు. అది పొడైంది, అతని పాదాలు రాయయ్యాయి.

"ఏరా అబ్బీ, ఆవాలు ఏరుకుంటున్నావా?" కొండకొమ్మున మాంత్రికుడు నవ్వాడు. "ఏరుకో. మీ అన్నలూ ఇలాగే ఏరారు."

ఇంకొకటి పెకలించాడు, మోకాళ్లు రాయయ్యాయి. ఇంకొకటి, నడుము రాయయింది. ఇక కదలలేక ఏడ్చాడు.

నెర్రెలోంచి ముసలి తొండ తలెత్తింది. "ఒక్కొక్కటే ఎందుకు పీకుతావు నాయనా?"

"ఉంగరంలో పొదిగే రాయిని అలాగే తీస్తారు, అవ్వా. మా వంశంలో అందరికీ అదే నేర్పుతారు."

"మీకెప్పుడూ ఒక్క రాయే, అదీ పెద్దదే కావాలి. ఇక్కడ ఇవి ఇంతకన్నా పెరగవు. ఈ పచ్చదనం వాటికి నల్లరాయి తాపిన పాలు. వాడి ప్రాణం చెక్కంతటా పరుచుకుని ఉంది. పిల్లల్ని పీకకు, వెనకనున్న తల్లిరాతిని కొట్టు."

ఉదయసేనుడు నెర్రెలో ఉలి దూర్చి నల్లరాతినే కొట్టాడు. మూడో దెబ్బకు పచ్చ చెక్కు ఒకే పలకగా ఊడిపడింది. మాంత్రికుడు నవ్వుతూనే కూలాడు.

ఉదయసేనుడి కాళ్లు కదిలాయి. మందారవల్లి కళ్లు తెరిచింది, పెద్దన్న లేచాడు. నడిపివాడి ముక్కలు మాత్రం రాళ్లుగానే ఉండిపోయాయి. వాటిని ఉత్తరీయంలో మూటగట్టి ఏడు సముద్రాలూ దాటించారు.

"నడిపివాడేడిరా?" అంది తల్లి రాణి, రేవులోనే.

మూట ఆమె ఒడిలో పెట్టారు.

పెళ్లి జరిగింది. ఆ దంపతులు చాలా ఏళ్లు చల్లగా ఏలారు కూడా. కానీ ఆ రోజు పందిట్లో రాణి ఎడమచేత్తో మూట పట్టుకునే, కుడిచేత్తో అక్షింతలు వేసింది.