సాంబ్రాణి పొగలో మూడు ట్రాక్టర్లు

అనగనగా అనగానే రాజులూ కోటలూ వచ్చి కూర్చుంటారు. వాళ్ళను కాసేపు పక్కకు జరగమందాం. ఈ కథలో ఉన్నది రేగడిమిట్ట అనే ఊరు, ఆ ఊళ్ళో ఓబుళమ్మ అనే రైతు.

ఓబుళమ్మకు మొగుడు లేడు. నల్లరేగడి చేను ఉంది. జత ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయి, బూదోడనే ముసలి ఎద్దు మిగిలింది. ఒంటి ఎద్దుతో దుక్కి సాగదు. వాన పడిన రోజున కిరాయి ట్రాక్టర్లన్నీ పెద్ద రైతుల చేలకే పోతాయి. అవి ఈమె దగ్గరికి వచ్చేసరికి దుక్కికి కావాల్సిన తడి, నేలలోని పదును, ఆరిపోతుంది. అలా పోయినేడు చేను బీడుపడింది.

ఆమె బావ, మొగుడి అన్న చెన్నప్ప పెద్దమనుషుల్ని పిలిపించాడు. ఈ తొలకరికి కూడా చేను దున్నకపోతే తానే సాగు చేసుకుంటానని వాళ్ళను ఒప్పించాడు. చెన్నప్ప చేతికి వెళ్ళిన చేను తిరిగి రాదని అందరికీ తెలుసు. తెలిసీ తలూపారు. పెద్దమనుషులు కదా మరి.

 ఓబుళమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. పాడి గేదెల్ని అమ్మేసి, పాత ట్రాక్టరు కొనాలని గట్టిగా అనుకుంది. ఎంపిక తప్పిందా, ఇక గేదెలూ ఉండవు, చేనూ ఉండదు.

బయల్దేరేముందు బూదోడికి మేత వేస్తుంటే, ఆ ఎద్దు తలెత్తి మాట్లాడింది. ఎద్దు మాట్లాడుతుందా అని అడక్కండి, కథలో మాట్లాడుతుంది.

"నాకు ఒంట్లో బాగలేకుంటే మేత ముట్టను. నీకు తెలిసిపోతాది. ఆ యంత్రం అట్ల కాదు, రంగేసుకోని నిలబడతాది. ఊరికే నమ్మొద్దు," అంది.

పట్నంలో కనకయ్య అనే వర్తకుడు పాత ట్రాక్టర్లు అమ్మేవాడు. అతని ఆవరణలో ఎర్రది, నీలిది, పచ్చది, మూడు నిలబడి ఉన్నాయి. ఎర్రదానికి పూలదండ, పసుపు బొట్లు. దాని ఇంజను అప్పటికే ఆడుతోంది. ముందర పళ్ళెంలో సాంబ్రాణి గుప్పుగుప్పుమంటోంది. ఆ చుట్టుపక్కల వాళ్ళకో అలవాటు ఉంది, పుట్టిన నక్షత్రానికి ఏ రంగు కలిసొస్తుందో అడిగి మరీ బండి కొంటారు. కనకయ్య ఆ అలవాటు మీదే మేడ కట్టాడు.

అతను ఓబుళమ్మ నక్షత్రం అడిగి, వేళ్ళు మడిచి లెక్కవేసి, ఎర్రదే ఆమెకు రాసిపెట్టి ఉందన్నాడు. ముహూర్తం దాటిపోతోందనీ, చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టించాననీ తొందరపెట్టాడు.

ఓబుళమ్మ ఇంజను ఆపమంది. పూజలో ఉన్న బండిని ఆపకూడదన్నాడు.

"ఆపేదాకా కూర్చుంటా అన్నా," అని ఆమె గట్టు మీద కూర్చుంది.

పొద్దువాలింది. సాంబ్రాణి అయిపోయింది. ఓబుళమ్మ మాత్రం లేవలేదు. చివరికి కనకయ్య విసుక్కుని ఇంజను ఆపి, మర్నాడు రమ్మన్నాడు. మర్నాడు అతను సాంబ్రాణి పళ్ళెం పట్టుకుని వచ్చేసరికి ఆమె గేటు దగ్గరే ఉంది. మూడు బండ్ల మీదా చెయ్యి వేసి, మూడూ చల్లగా ఉన్నాయని చూసుకుంది. పొగ వేసేది తర్వాత, ముందు స్టార్టు చెయ్యమంది. కిరాయి ట్రాక్టర్ల వెనక తిరిగీ తిరిగీ వాటి రోగాలన్నీ ఆమెకు తెలిసిపోయాయి.

ఎర్రది మూలిగింది, దగ్గింది, ఎంతసేపటికో లేచింది. లేచాక నీలిపొగ మేఘంలా కక్కింది. డీజిలుతో పాటు ఇంజనాయిలు కూడా తాగే బండి అది. సాంబ్రాణి దేవుడి కోసం కాదనీ, ఈ పొగను కప్పడానికనీ, ఇంజను ముందే ఆడించి పెట్టింది ఈ మూలుగు దాచడానికనీ ఓబుళమ్మకు అప్పుడర్థమైంది.

నీలిది వెంటనే లేచింది. పొగ కూడా శుభ్రంగానే ఉంది. కనకయ్య ముఖం వెలిగింది. ఆమె దానికి వెనక దున్నే ఇనుప గొర్రు కట్టించి, పైకెత్తించి, ఇంజను ఆపించింది. తర్వాత తీరిగ్గా టీ తెప్పించమంది. టీ తాగేలోగా గొర్రు మెల్లగా కిందికి జారి నేలమీద కూర్చుంది. ఎత్తిన బరువు నిలపలేని బండితో దుక్కి ఎలా?

పచ్చది మూడింటిలోకీ పాతది. రంగు వెలిసిపోయింది, సీటుకు గోనెసంచి చుట్టారు. దానికి బొట్టు కూడా పెట్టలేదు. ఒకసారి తటపటాయించి లేచింది. పొగ పలచగా వచ్చి ఆగిపోయింది. ఎత్తిన గొర్రు ఎత్తినట్టే నిలిచింది. కనకయ్యే అడ్డుపడ్డాడు, పచ్చరంగు ఆమె నక్షత్రానికి అచ్చిరాదని.

"నా నక్షత్రం వచ్చి దుక్కి దున్నదు అన్నా. దీంట్లో ఏం లోపముందో నీ నోటితో చెప్పు. చెప్తే ఇదే కొంటా."

కనకయ్యను ఇన్నేళ్ళలో ఎవరూ అలా అడగలేదు.  అతను ఎడమ బ్రేకు సరిగా పట్టదని చెప్పాడు. ఆ మాట చెప్పాక తేలికపడ్డట్టు తనే మెకానిక్కును పిలిచి బాగుచేయించాడు.

పచ్చ బండి ఊళ్ళోకి రాగానే చెన్నప్పకు కంటికి కునుకు పట్టలేదు. మరదలి బండికన్నా మెరిసేది కొనాలని మర్నాడే పట్నం బయల్దేరాడు. కొనేముందు ఇంజను చల్లబడ్డాక స్టార్టు చేయించి పొగ చూసుకోమని ఓబుళమ్మ చెప్పింది. ఇంజన్ల సంగతి ఆడవాళ్ళకేం తెలుసని అతను నవ్వాడు. నిమ్మకాయలు తొక్కించుకుంటూ ఎర్రదాన్ని ఊరేగింపుగా తెచ్చుకున్నాడు.

తొలకరి కురిసింది. ఓబుళమ్మ తెల్లారకముందే సీటెక్కింది. రేగడి చాళ్ళు నల్లగా తిరగబడుతుంటే ఆమె వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంది. పక్క చేలో ఎర్రది నీలిపొగ కక్కి, మధ్య చాలులో ఆగిపోయింది. మళ్ళీ లేవలేదు. కిరాయి బండి ఒక్కటీ దొరకలేదు. పదును ఆరిపోతోంది.

చెన్నప్ప గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు.  ఓబుళమ్మ చివరి చాలు ముగించి బండి ఆపింది.

"నీ చేను దున్నుతా బావా. ముందు ఆ పెద్దమనుషుల్ని పిలిచి, ఈ చేను ఓబుళమ్మదే, దీని జోలికి రానని చెప్పు."

చెన్నప్ప వాళ్ళను పిలిపించి అక్కడే, దుక్కిలోనే, అందరి ముందూ చెప్పాడు. పెద్దమనుషులు మళ్ళీ తలూపారు. ఓబుళమ్మ బండిని అతని చేలోకి తిప్పింది.

పిల్లలూ, మెరుపు చూసి తొందరపడినవాడు నడి చేలో ఆగిపోతాడు. వేడి చల్లారేదాకా ఓపిగ్గా కూర్చుని, లోపం కూడా అడిగి తెలుసుకున్నవాడు తన చేను తాను దున్నుకుంటాడు.