వెనక ఎవరూ లేని కల

ఎర్రగుట్ట కింద మల్లన్న గొర్రెల మందకు ముందు నడిచేవాడు ఓబులనే మేకపోతు. గొర్రెల మందకు మేకపోతు పెద్దరికమేమిటి అనకండి. గొర్రె తల వంచుకుని ముందున్నదాని తోక చూసి నడిచే జాతి. అందుకే కాపరులు మెడలో గంట కట్టి మేకపోతును ముందు పెడతారు. గంట మోగించుకుంటూ, గడ్డం ఊపుకుంటూ ఓబులు నడుస్తుంటే ఊరిపెద్ద పంచాయితీకి పోతున్నట్టే ఉండేది. ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. చూస్తే చులకనైపోతానని వాడి నమ్మకం.

అట్లాంటివాడికి ఆ ఎండాకాలం ఒక కల పట్టుకుంది. కలలో తను నడుస్తుంటాడు. గంట మోగుతుంటుంది. ఎందుకో వెనక్కి చూస్తాడు. ఎవరూ ఉండరు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మందలో ఎవరికీ చెప్పలేదు. దిగులుతో మేత మానేశాడు. ఒకనాటి మధ్యాహ్నం మల్లన్న సంగటి తిని వేపచెట్టు కింద కునుకు తీస్తుంటే, ఓబులు మందను వదిలి, నీళ్లెండిన వంక గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు. అవతలి గట్టు మీద తిప్పడనే నక్క ఉన్నాడు.

"ఏం ఓబులన్నా, మొహం అట్లా వాడిపోయింది?"

"నీకెందుకు? దూరంగా ఉండు."

"దూరంగానే ఉన్నా గదన్నా. దిగులు లోపల పెట్టుకుంటే తిన్నది ఒంటబట్టదు. పరాయివాణ్ణి, నేనెవరికి చెబుతాను?"

ఆ మాటకే ఓబులు మెత్తబడ్డాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. మేకపోతు అంతకన్నా తెలివైందేమీ కాదు. కలంతా చెప్పేశాడు.

తిప్పడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. తల పంకించి నిట్టూర్చాడు.

"చెప్పడానికి నోరు రావడం లేదన్నా. నీమీద మంద మనసు విరిగింది."

"రోజూ నా వెనకే నడుస్తున్నారే!"

"నీ వెనకా, అలవాటైన దోవ వెనకా? ఆ దోవలో కుంటిగాడిదను ముందు పెట్టినా నడుస్తారు. నమ్మకం తేలాలంటే కొత్తదోవ పట్టి చూడు. చుట్టుదోవ మానేసి ఇక్కడే వంక దూకు. నమ్మినవాళ్లు నీ వెనకే దూకుతారు."

"లోతుంది గదా?"

"నీకు లోతా! ఏం మాటన్నా అది?"

ఆ పొగడ్తతో ఓబులు బుద్ధి కాస్తా పోయింది.

పొద్దు వాలుతుండగా మంద ఇంటిదారి పట్టింది. మల్లన్న వెనకబడిన కుంటిగొర్రెను తోలుకొస్తున్నాడు. ఓబులు రోజూ తిరిగే మలుపు తిరగలేదు. నేరుగా గట్టు అంచుకు పోయాడు.

"దోవ అది కాదయ్యా!" వయసు మళ్లిన ఈరమ్మ అనే గొర్రె కేకేసింది. "పిల్లలున్నారు!"

"నమ్మకముంటే రా!" అని ఓబులు దూకేశాడు.

అవతల దిగి, జన్మలో మొదటిసారి వెనక్కి చూశాడు. గొర్రెలన్నీ ఒకదాని వెనక ఒకటి దూకుతున్నాయి. వస్తున్నారు! అందరూ వస్తున్నారు! వాడి గుండె నిండిపోయింది.

గొర్రెదాటు గొర్రెదాటే, ముందుది దూకితే వెనకది ఆలోచించదు. పెద్దవి దాటాయి. ఈరమ్మ కూడా దాటింది. ఆమె వెనకే దూకిన బిడ్డకు, నుదుట తెల్లమచ్చ ఉన్న పిల్లకు, ఆ వెడల్పు అందలేదు. వంకలో పడింది. కింద ముళ్లపొదలో తిప్పడు కాచుకుని ఉన్నాడు. మల్లన్న కర్రతో పరుగెత్తుకొచ్చేసరికి నక్కా లేదు, పిల్లా లేదు.

మల్లన్న ఓబులును ఒక్క దెబ్బ వేసి ఊరుకున్నాడు. మెడలో గంట విప్పేసినా బాగుండుననిపించింది ఓబులుకు.

తెల్లవారి మేత ముట్టని ఈరమ్మ దగ్గరికి పోయాడు.

"తిట్టు ఈరమ్మా. పొడువు."

"పొడిస్తే నా బిడ్డ వస్తుందా? ఎందుకు చేశావో చెప్పు."

ఈసారి చెప్పాడు. కల చెప్పాడు, నక్క మాట చెప్పాడు.

"ముందే నాకు చెప్పుంటే నా బిడ్డ బతికేది గదయ్యా! నాకూ ఒక కల వచ్చేది. బిడ్డ ఎక్కడో అరుస్తుంటుంది, నాకు కనబడదు. తెల్లారి లేచి దాన్ని ఇంకాస్త ఎక్కువ నాకేదాన్ని. అంతేగానీ, నన్ను అమ్మ అనుకుంటుందో లేదో చూద్దామని వంకలోకి తోయలేదు."

ఓబులు తల వాలిపోయింది.

"రేపేం జరుగుతుందో కలకేం తెలుసు? నీకు లోపల ఎక్కడ నొప్పో అదే చూపిస్తుంది. పగలు ఒక్కనాడూ వెనక్కి చూడవు. మేం వస్తున్నామో లేదో నీకు తెలియదు. ఆ తెలియనిచోటే భయం గూడు కట్టింది. వెనక్కి చూస్తే నీ గంట ఎవరు లాక్కుంటారయ్యా?"

మధ్యాహ్నం గట్టు మీద తిప్పడు మళ్లీ ప్రత్యక్షమయ్యాడు, ఏమీ ఎరగనట్టు.

"అందరూ దూకారటగా! మరి కల పోయిందా?"

"పోలేదు. మళ్లీ వచ్చింది."

"చూశావా! అలవాటుకొద్దీ దూకారో, ప్రేమకొద్దీ దూకారో ఇంకా తేలలేదన్నమాట. ఈసారి ఇంకాస్త కింద, వెడల్పున్న చోట..."

"తిప్పా, ఆ కల మందలో అందరికీ చెప్పేశాను. ఇక నీతో నాకేం పని?"

ఓబులు వెనక ఈరమ్మ, ఈరమ్మ వెనక పొట్టేళ్లు కొమ్ములు వంచి నిలబడి ఉన్నాయి. తిప్పడు తోక ముడిచి, వచ్చిన దోవనే పోయాడు.

ఆ సాయంత్రం చుట్టుదోవన దిగుతూ ఓబులు మలుపు మలుపుకూ ఆగి వెనక్కి చూశాడు. అందరూ ఉన్నారు. ఈరమ్మ పక్కన మాత్రం చిన్న చోటు ఖాళీగా ఉంది. అది కల కాదు, మేలుకుంటే పోవడానికి.

ఎర్రగుట్ట కాపరులు ఇప్పటికీ అంటారు: భయాన్ని అయినవాళ్లకు చెప్పుకుంటే బరువు తగ్గుతుంది, నక్కకు చెప్పుకుంటే మంద తగ్గుతుంది.